కాదనే తీరు

(అనంతపురంలో ఒక తెలుగు అధ్యాపకుని స్మారకార్థం ఇచ్చిన ఉపన్యాస పాఠం)



తెలుగు మాట గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఏ మాట గురించి అని అడిగితే మీ ఇష్టం అన్నారు. నేను ఒక క్రియను ఎంచుకున్నాను. అందరూ ప్రతిరోజూ వాడేదే అది. ఎదుటివారి మాట మనకు సరిపడనప్పుడు మనం ఏమంటాం? ఎవరితో ఏమంటాం? ఎక్కడ ఏమీ అనకుండా ఊరుకుంటాం? ఈ మూడు ప్రశ్నలే నేటి ఉపన్యాసం.

ఈ విషయం ఈ ఊళ్లోనే ఎందుకు మాట్లాడాలో కూడా చెప్పాలి. రాయలసీమవాళ్లు ఒప్పుకోకపోవడం గురించి సినిమాలు ఒక బొమ్మ గీసి పెట్టాయి. ఆ బొమ్మలో మనకు ఉన్నవి రెండే క్రియలు: తొడకొట్టడం, నరకడం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నేల మీద, ఎప్పుడు విత్తాలో, ఎవరి చేనుకు ముందు నీళ్లు పారాలో, ఎవరి అప్పు ముందు తీర్చాలో నిత్యం మాట్లాడుకుంటూ బతికే జనానికి రెండు క్రియలు ఎలా చాలుతాయి? కాదనడానికి ఇక్కడ ఎన్ని మెట్లు ఉన్నాయో చూద్దాం.

ఒప్పు కుటుంబం

నిఘంటువు తెరిస్తే విభేదించు, వ్యతిరేకించు, నిరాకరించు, తిరస్కరించు, ఖండించు, ఆక్షేపించు అని వరుసగా కనిపిస్తాయి. ఇవన్నీ సంస్కృతం నుంచి వచ్చి చివర ‘ఇంచు’ తగిలించుకున్నవి. పత్రికకు, సభకు, కోర్టుకు ఇవి పనికొస్తాయి. పెళ్లి సంబంధం నచ్చని అమ్మాయి మాత్రం ‘నేను ఈ ప్రతిపాదనతో విభేదిస్తున్నాను’ అనదు. ‘నేనొప్పుకోను’ అంటుంది. ఇంకా గట్టిగా అనాలంటే ‘నేనొల్ల’ అంటుంది.

ఈ రెంటికీ మూలంలో ఉన్నది సమ్మతే. ‘ఒప్పు’ అంటే తగి ఉండడం, సరిపోవడం. దాని సంతానం పెద్దది. తనకు తాను సమ్మతిస్తే ఒప్పుకోవడం, ఎదుటివారిని సమ్మతింపజేస్తే ఒప్పించడం, చేతికి అందిస్తే ఒప్పగించడం, కాగితం మీద పెట్టుకుంటే ఒప్పందం, నోటితో చెప్పేస్తే ఒప్పుకోలు. తప్పుకు ఎదురుగా నిలబడేదీ ఒప్పే. ఇంత పెద్ద కుటుంబంలో ‘సమ్మతించకపోవడం’ అనే పనికి విడిగా ఒక క్రియ లేదు. ఒప్పుకొనే క్రియనే తెచ్చి దాని కడుపులో వ్యతిరేకాన్ని పెడతాం: ఒప్పుకోను, ఒప్పుకోవు, ఒప్పుకోడు.

ఈ ‘ఒప్పుకోను’లో కాలం ఏది? ఇప్పుడు ఒప్పుకోను అనా, ఎప్పుడూ ఒప్పుకోను అనా? రెండూ. ఒక్క క్షణం నాటి అభిప్రాయాన్నీ, జన్మకు సరిపడా పట్టుదలనూ ఒకే రూపం మోస్తుంది. దాన్ని మెత్తబరచాలంటే తెలుగువాడు ఒక ఉపాయం చేస్తాడు. ఇష్టం లేకపోవడాన్ని శక్తి లేకపోవడంగా మారుస్తాడు. ‘ఒప్పుకోను’ బదులు ‘ఒప్పుకోలేను’ అంటాడు. ఇంకా మర్యాద కావాలంటే ‘ఒప్పుకోలేకపోతున్నాను’ అంటాడు. నేను ప్రయత్నిస్తూనే ఉన్నాను, నా వల్ల కావడం లేదు, తప్పు నీ మాటలో లేదు అని సూచన. ఆ ‘లే’ అనే ఒక్క అక్షరం ఎన్ని సంబంధాలను నిలబెట్టిందో!

ఇదే క్రియలో ఒక చిక్కు కూడా ఉంది. ‘ఒప్పుకోవడం’ అంటే సమ్మతించడమే కాదు, నేరం అంగీకరించడం కూడా. ‘ఒప్పుకుంటావా లేదా?’ అని ఎవరైనా గద్దించారంటే వాళ్లు అభిప్రాయం అడగడం లేదు. అందుకే అధికారం ఉన్నవాళ్ల ముందు సామాన్యుడు ‘నేనొప్పుకోను సార్’ అంటే, అతను చెప్పేది ఒక అభిప్రాయం. వాళ్లకు వినిపించేది ఒక దోషి మొండితనం. ఈ చిక్కు దగ్గరికి చివర్లో మళ్లీ వస్తాను.

‘ఒల్లను’ అనేది ఇంకా పాత మాట. కావ్యాల్లో కనిపించే ఈ మాట కోస్తాలో చాలావరకు పుస్తకాలకే పరిమితమైంది. మన సరిహద్దు దాటి బళ్లారి వైపు పోతే కన్నడంలో ‘ఒల్లె’ అని ఇదే మాట వినిపిస్తుంది. ‘నాకొద్దు’ అంటే వస్తువు వద్దని. ‘నేనొల్ల’ అంటే వద్దనేది నేను అని. ఒకదాంట్లో నిరాకరణ వస్తువు మీద ఉంది, రెండోదాంట్లో మనిషి నిలబడి ఉన్నాడు.

కి, తో, ని

ఇప్పుడు విభక్తుల దగ్గరికి వద్దాం. వ్యాకరణం అనగానే భయపడకండి, చిన్న విషయమే. మూడు వాక్యాలు వినండి. ‘ఆ మాటకు నేను ఒప్పుకోను.’ ‘ఆయనతో నేను విభేదిస్తున్నాను.’ ‘ఆయనను నేను వ్యతిరేకిస్తున్నాను.’

మొదటి వాక్యంలో మనిషే లేడు. ఉన్నది మాట, దానికి తగిలిన ‘కు’. రెండో వాక్యంలో మనిషి వచ్చాడు, అయితే ‘తో’ పట్టుకొని పక్కన నడుస్తున్నాడు. మూడో వాక్యంలో మనిషి ‘ను’ కింద పడ్డాడు, అంటే క్రియకు గురి అయ్యాడు. ఇది ఒక్కసారిగా జరిగే మార్పు కాదు. మాట నుంచి మనిషి పక్కకు, మనిషి పక్క నుంచి మనిషి మీదకు తగవు జరుగుతూ పోయే క్రమం.

మన ఇళ్లలోని తెలుగుకు మొదటి మెట్టు సహజం. ‘నీతో ఒప్పుకోను’ అని ఎవరూ అనరు. ‘నువ్వు చెప్పేదానికి ఒప్పుకోను’ అంటారు. నేను ఈ రోజు చెప్పదలచిన ముఖ్యమైన సంగతి ఇదే: మన వాడుకభాష తగవును మాట దగ్గరే ఆపడానికి వీలుగా కట్టుకున్న భాష.

చేనిగట్టు మీద ఇది ఎలా పనిచేస్తుందో చూడండి. జూన్ నెలలో ఒక వాన పడింది. ఎర్రనేల తడిసింది. వేరుశనగ విత్తడానికి చాలినంత తేమ ఉందా లేదా అన్నదే ప్రశ్న. మన దగ్గర ఆ చాలినంత తేమకు ‘పదును’ అని పేరు. విత్తితే, ఆపైన వాన మొఖం చాటేస్తే, విత్తనం ఖర్చు నేలపాలు. విత్తకపోతే, మళ్లీ వాన రాకపోతే, అదును పోయినట్టే. అల్లుడు వరసవాడు అంటాడు: ‘మామా, పదునైంది, రేపు గొర్రు కడతాము.’ మామ అంటాడు: ‘యాడైంది అబ్బీ? జానెడు తవ్వి జూడు.’ కుర్రవాడు: ‘అట్ల గాదు మామా, పక్క చేన్లో అప్పుడే ఇత్తుతాండారు.’ మామ: ‘వాళ్లది నల్లరేగడి ప్పా, మనది ఎర్రనేల. దానికీ దీనికీ ఎట్ల పొత్తు కుదురుతాది?’

ఈ నాలుగు మాటల్లో ‘ఒప్పుకోను’ అనే క్రియ ఒక్కసారి కూడా రాలేదు. మామ రెండుసార్లు కాదన్నాడు, రెండుసార్లూ ప్రశ్నగానే అన్నాడు. కుర్రవాడు ‘అట్ల గాదు’ అన్నాడు, దాని పక్కనే ‘మామా’ అన్నాడు. కాదన్న ప్రతిచోటా వరసపిలుపో, ‘అబ్బీ’, ‘ప్పా’ వంటి పిలుపో పక్కన ఉంది. ‘అట్ల గాదు’ ఒంటరిగా వస్తే అది తగవు. ‘మామా’తో వస్తే అది ఆలోచన. ఇదే వాక్యాన్ని విభేదించడం అని రాస్తే మామా లేడు, పదునూ లేదు.

ఎవరు ఎవరికి ఎదురు

అయితే మన భాష ఇంత మెత్తన అని మురిసిపోవడానికి వీల్లేదు. కాదనే క్రియలకు ఎత్తూ పల్లం ఉన్నాయి. ‘ఎదురు చెప్పడం’ చూడండి. కొడుకు తండ్రికి ఎదురు చెప్తాడు. తండ్రి కొడుక్కు ఎదురు చెప్పాడని ఎవరూ అనరు. కోడలు ఎదురు చెప్తుంది, అత్త ‘కాదంటుంది’. కూలీ ‘మొండికేస్తాడు’, ఆసామి ‘ఒప్పుకోడు’. పైవాడు చేస్తే నిర్ణయం అనిపించేది, కిందివాడు చేస్తే తెగింపు అనిపిస్తుంది. చేసిన పని ఒకటే, కాదనడం. క్రియ మారింది మనిషి స్థానాన్ని బట్టి.

‘కాదనడు’ అనే మాటకు గౌరవం ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించండి. ‘అడిగినవాడికి కాదనడు’ అంటే దాత. అంటే కాదనే శక్తి ఉన్నవాడు దాన్ని వాడుకోలేదని మెచ్చుకోలు. కాదనే శక్తే లేనివాడికి ఆ మెచ్చుకోలు రాదు.

కాదనే స్థానం లేనివాళ్లు మరి ఏం చేస్తారు? తల ఊపుతారు. ‘అట్లనేలే సార్’ అంటారు. ‘సూద్దాంలేప్పా’ అంటారు. ‘చూద్దాం’ అన్న క్రియకు కళ్లతో పని లేదు, ‘లే’ చేరగానే అది ‘చేయను’ అని అర్థమిచ్చేస్తుంది. ఆ మాట విని పొంగిపోయి వెళ్లే అధికారి ఏడాది తర్వాత వచ్చి చూస్తే, చేలో ఎప్పటి పంటే ఉంటుంది.

దీనికి ఈ జిల్లాలోనే మంచి ఉదాహరణ ఉంది. టీఎంవీ-2 అనే వేరుశనగ రకం తమిళనాడులోని తిండివనం పరిశోధనా కేంద్రం నుంచి వచ్చింది. కొత్తకొత్త రకాలు వచ్చాయి, ఇది పాతబడింది, మార్చండి అని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. రైతులు దశాబ్దాల తరబడి టీఎంవీ-2నే విత్తుకున్నారు. ఎవరూ సభ పెట్టి తిరస్కరించలేదు. కరపత్రం వేసి ఖండించలేదు. తీసుకున్న సలహాకు దండం పెట్టి, పాత విత్తనమే గొర్రులో పోశారు. 2000 తర్వాత పరిశోధకులు పద్ధతి మార్చారు. కొన్ని రకాలను రైతుల పొలాల్లోనే పక్కపక్కన వేసి, మీరే చూసి చెప్పండి అన్నారు. అప్పుడు ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ తయారుచేసిన ఐసీజీవీ 91114 అనే తక్కువ కాలపు రకాన్ని రైతులే ఎంచుకున్నారు. అడిగే తీరు మారగానే ‘సూద్దాంలే’ అన్న నోళ్లే ‘ఇది గాదు, అది’ అన్నాయి. మౌనాన్ని అజ్ఞానం అనుకున్నంతకాలం శాస్త్రానికి జవాబు దొరకలేదు. మౌనం కూడా ఒప్పుకోకపోవడమే అని అర్థమైన రోజు దొరికింది.

పండితులు కాదనుకున్నప్పుడు

చదువుకున్నవాళ్లు కాదనుకున్న తీరుకు కూడా ఈ ఊరు సాక్షి. 1814లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన విలియం కేరీ, తెలుగుకు సంస్కృతమే మూలమన్నాడు. 1816లో ఎ.డి. క్యాంప్‌బెల్ అచ్చువేసిన తెలుగు వ్యాకరణపు ఉపోద్ఘాతానికి జోడించిన వ్యాసంలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ కాదన్నాడు. తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను వరుసగా పక్కపక్కన పెట్టి చూపించి కాదన్నాడు. ఆ క్యాంప్‌బెల్ తర్వాత బళ్లారి కలెక్టరు అయ్యాడు; 1882 దాకా మన అనంతపురం ఆ బళ్లారి జిల్లాలోనే ఉండేది. 1856లో కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంతో ఎల్లిస్ దారిని రాజమార్గం చేశాడు.

అప్పుడు ఈ ఊళ్లో, 1916లో మొదలైన దత్తమండల కళాశాలలో తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావు గారు కాల్డ్‌వెల్‌ను కాదన్నారు. దత్తమండలాలకు 1928 నంద్యాల సభలో ‘రాయలసీమ’ అని పేరు ప్రతిపాదించిన చిలుకూరివారే ఈయన. 1937లో వెలువడిన ‘ఆంధ్రభాషా చరిత్రము’లో తెలుగు ప్రాకృతాల నుంచి పుట్టిందని వాదించారు. పదేళ్లకు, 1947లో, గంటిజోగి సోమయాజి గారు ‘ఆంధ్రభాషా వికాసము’లో చిలుకూరివారిని కాదన్నారు. తర్వాత 1961లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి తెలుగు క్రియాధాతువుల పరిశోధనతో ఆ వాదం ద్రావిడం వైపే నిలబడింది.

ఈ వరుసలో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, కాదన్న ప్రతివారూ తమ ఆధారాలను రాతలో పెట్టి చూపించి కాదన్నారు. అందుకే చిలుకూరివారి సిద్ధాంతం నిలవకపోయినా ఆయన పోగుచేసిన పదసంపద నిలిచింది. రెండోది, కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల ప్రత్యేక లక్షణాల్లో ఒకటిగా చెప్పింది వ్యతిరేకక్రియ. ‘ఒప్పుకోను’, ‘వినను’, ‘రాను’ అని క్రియలోనే కాదనగలగడం. చిలుకూరివారు కాల్డ్‌వెల్‌ను ‘ఒప్పుకోను’ అని ఉంటే ఆ మాటే కాల్డ్‌వెల్ పక్షాన సాక్ష్యం చెప్పేది!

1928లోనే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఈ ఊళ్లోనే వేమన మీద ఉపన్యాసాలు ఇచ్చారు. వేమన సమాధి కదిరి దగ్గరి కటారుపల్లిలో ఉంది. విగ్రహాన్ని, కులాన్ని, ఆడంబరాన్ని కాదన్న కవిని, సంగీత సాహిత్యాల్లో ఆరితేరిన సంప్రదాయ పండితుడు నిదానంగా, గుణదోషాలు రెండూ చూపిస్తూ చదివాడు. వేమనను మొత్తంగా మెచ్చుకోలేదు, మొత్తంగా తోసిపుచ్చలేదు. ‘ఇంతవరకు ఒప్పు, ఇక్కడ కాదు’ అని గీత గీసి చెప్పడం కష్టమైన పని. మొత్తంగా ఖండించడం దానికంటే సులభం.

బావ బావమరుదులు

రాజకీయంలోకి వస్తే క్రియలు వేడెక్కుతాయి. 1952 ఎన్నికల్లో అనంతపురం నియోజకవర్గం నుంచి మద్రాసు శాసనసభకు ఇద్దరు పోటీపడ్డారు. ఒకరు కాంగ్రెస్‌కు చెందిన నీలం సంజీవరెడ్డి, రెండోవారు కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి. నాగిరెడ్డి సోదరి సంజీవరెడ్డి భార్య. నాగిరెడ్డి జైల్లో ఉండే పోటీచేసి గెలిచారు. ఓడినవారు 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు, ఆపైన 1977లో రాష్ట్రపతి అయ్యారు. గెలిచినవారు 1969లో శాసనసభ్యత్వానికే రాజీనామా చేసి బయటికి నడిచారు.

నాగిరెడ్డి జీవితంలో కాదనే క్రియలన్నీ మెట్లుగా కనిపిస్తాయి. కాంగ్రెస్‌ను వ్యతిరేకించారు. తన పార్టీ పంథాతో విభేదించారు. చివరకు శాసనసభ అనే ఏర్పాటునే నిరాకరించారు. మూడూ ఒకటి కావు. వ్యతిరేకించేవాడు ఎదుటి బల్ల మీద కూర్చుంటాడు. విభేదించేవాడు అదే బల్ల మీద కూర్చొని మాట్లాడతాడు. నిరాకరించేవాడు లేచి వెళ్లిపోతాడు. నేటి పత్రికల్లో ఈ మూడింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నాం. ఎవరు ఇంకా బల్ల దగ్గర ఉన్నారో, ఎవరు లేచిపోయారో చదువరికి తెలియకుండా పోతోంది.

కాదన్నవాళ్లు తిరిగి ఒక బల్ల దగ్గరికి రావడానికి కూడా మనకొక మాట ఉంది: ఒడంబడిక. ఒడబడడం నుంచి వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం కావాలన్నప్పుడు సీమ నాయకులు వెంటనే సరే అనలేదు. నీళ్లలో, పదవుల్లో, చదువులో తమకు అన్యాయం జరుగుతుందని సంశయించారు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు ‘శ్రీబాగ్’లో ఒడంబడిక మీద సంతకాలు చేసినవాళ్లలో మన హిందూపురం ప్రాంతపు కల్లూరు సుబ్బారావు గారు ఉన్నారు. రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో కోరుకునే హక్కు సీమకు ఉండాలని, నీటి పథకాల్లో ముందు చోటు సీమకు దక్కాలని అందులో రాసుకున్నారు. ఒడంబడిక అంటే తగవు మాసిపోవడం కాదు. దేనికి కాదన్నామో దాన్ని షరతుగా కాగితం మీద పెట్టడం. ఆ షరతులు ఎంతవరకు నెరవేరాయన్నది మనం ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం, అది వేరే ఉపన్యాసం.

కాగితం మీది కాదు

ముందు వాయిదా వేసిన చిక్కు దగ్గరికి వస్తాను. రైతు ‘ఒప్పుకోను’ అంటే కచేరీలో అది మొండితనంగా వినిపిస్తుందని చెప్పాను. కచేరీకి తన క్రియలు వేరే ఉన్నాయి. భూమి రికార్డులో తగవు ఉంటే ‘తకరారు’. భూసేకరణ ప్రకటన వస్తే ‘అభ్యంతరాలు తెలుపవచ్చును’. కమిటీలో ఒక సభ్యుడు వేరే మాట చెబితే ‘అసమ్మతి పత్రం’. రైతు నోట్లోని ‘అట్లెట్లయితాది సార్?’ అన్న ప్రశ్న అభ్యంతరంగా మారి, తేదీ వేసుకొని, రసీదు తెచ్చుకుంటేనే దానికి బలం. లేకపోతే ఆ ప్రశ్న గాలికి పోతుంది. గడువు తీరాక ‘ఎవరూ అభ్యంతరం తెలుపలేదు’ అని రాసుకుంటారు. అందులో అబద్ధం లేదు, నిజమూ లేదు.

ఈ దూరాన్ని తగ్గించిన ప్రయత్నం ఒకటి ఇక్కడే మొదలైన పథకంలో చూశాం. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. 2005 నాటి ఆ చట్టంలోని 17వ సెక్షన్ పనులను తనిఖీ చేసే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. దాన్నే మనం సామాజిక తనిఖీ అన్నాం. మస్టరులో ఏముందో ఊరి ముందు బిగ్గరగా చదువుతారు. ఫలానా పేరు, ఇన్ని దినాల పని, ఇంత కూలి. విన్న మనిషి లేచి ‘నేనా పనికే పోలేదు’ అంటే ఆ మాట రాసుకోవాలి, దానికి ఎదుటివాళ్లు జవాబు చెప్పాలి.

మొదటిసారి అక్కడ ఒక కూలీ ‘కాదు’ అన్నప్పుడు అది ఎదురు చెప్పడం కాలేదు, మొండికేయడం కాలేదు. వాంగ్మూలం అయింది. క్రియ మారలేదు, మనిషి హోదా మారలేదు. ఆ మాటను వినక తప్పని చోటు ఏర్పడింది, అంతే. ప్రతి తనిఖీ సవ్యంగా జరిగిందని నేను అనడం లేదు. పల్లెటూరి ‘కాదు’ కాగితం ఎక్కగలదని మాత్రం తేలింది.

బడిలో ఏం చేయాలి

చివరగా ఇక్కడున్న తెలుగు ఉపాధ్యాయులకు రెండు విన్నపాలు.

పర్యాయపదాలు రాయించేటప్పుడు ‘వ్యతిరేకించు, విభేదించు, నిరాకరించు, ఖండించు’ అని ఒకే గాటన కట్టకండి. ప్రతి క్రియకూ ఏ విభక్తి తగులుతుందో, ఎవరు ఎవరి మీద వాడతారో పిల్లల చేత వాక్యాల్లో రాయించండి. ‘ఒప్పుకోను’, ‘ఒల్లను’, ‘అట్ల గాదు’, ‘ఎదురు చెప్పు’, ‘సూద్దాంలే’ కూడా ఆ పట్టికలో ఉండాలి. ఇంట్లో వినే మాటలకు బళ్లో చోటు దొరికితే, పిల్లలు ఆ రెండింటి మధ్య తేడాను తామే పట్టుకుంటారు.

రెండోది పరీక్షల గురించి. ‘రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? ఎందుకు?’ అన్న ప్రశ్న మన తరగతి గదుల్లో మామూలే. పిల్లలు ‘ఏకీభవిస్తాను’ అని మొదలుపెట్టి పాఠాన్నే తిరిగి రాస్తారు. కాదంటే మార్కులు పోతాయని వాళ్ల భయం. ఆ భయం చేనిగట్టు మీద, కచేరీ వరండాలో, గ్రామసభలో పెద్దవాళ్లకు ఉన్నదే. దాని మొదటి పాఠం మన దగ్గరే నేర్చుకుంటున్నారు. ‘ఏకీభవించను, ఎందుకంటే’ అని రాసి, ఆ ‘ఎందుకంటే’ తర్వాత పాఠం నుంచి ఒక్క ఆధారమైనా చూపిన పిల్లకు పూర్తి మార్కులు ఇవ్వండి. ఆధారం లేకుండా ఏకీభవించిన పిల్లకు సగం చాలు. ఎల్లిస్ నుంచి సోమయాజి దాకా పండితులు చేసింది అదే, పదును లేదన్న మామ జానెడు తవ్వి చూడమన్నదీ అదే. కాదనడానికి ధైర్యం ఒక్కటే చాలదు. తవ్వి చూపించే ఓపిక ఉండాలి. ఆ ఓపికను నేర్పగలిగిన చోటు తెలుగు తరగతి.